నూనె చెట్లు, ఎండు తెగులు, వేరులోని వంశగుణం

గుంటూరు వైపు కంది వేసిన రైతుకు ఎండు తెగులు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. నిన్నటిదాకా పచ్చగా పూత మీద ఉన్న మొక్క, నేలలో తడి ఉండగానే, నీరందని దానిలా ఆకులు వేలాడేసి కొద్ది రోజుల్లో నిలువునా ఎండిపోతుంది. పక్క సాలులోని మొక్క మాత్రం ఏమీ ఎరగనట్టు కాయ కడుతూ ఉంటుంది. ఎండిన మొక్కను పీకి, మొదట్లో బెరడు ఒలిచి, కాండాన్ని కత్తితో నిలువుగా చీలిస్తే తెల్లటి చెక్కలో గోధుమ, నలుపు రంగుల చారలు వేరు నుంచి పైకి పాకి కనిపిస్తాయి. అవి మొక్క నీళ్లు మోసుకునే గొట్టాలు. వృక్షశాస్త్రంలో దారువు అని మనం చదువుకున్నది దాన్నే. బూజు ఆ గొట్టాల్లో కాపురం పెడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి మొక్క తన గొట్టాలను తానే జిగురుతోనూ కణాల ఉబ్బులతోనూ మూసుకుంటుంది. బూజు చేసిన పూడిక కొంత, మొక్క చేసుకున్న పూడిక కొంత కలిసి పైకి నీరు పోదు. పైన కొట్టే ఏ మందూ ఆ గొట్టం లోపలికి సరిగా చేరదు.

ఈ తెగులును తెచ్చే బూజుల్లో పేరు మోసినది ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్. ఆ ఒక్క పేరు కింద వందకు పైగా రకాలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క పంటకు అలవాటు పడింది. అరటిని చంపేది టమాటాను ముట్టదు, టమాటాను చంపేది ఆముదం జోలికి పోదు. కందిని ఎండబెట్టేది వీటికి దగ్గర చుట్టమైన ఫ్యుజేరియం ఉడమ్. పంట లేని నేలలో కూడా ఇవి మందపాటి గోడలున్న విశ్రాంత బీజాలుగా మారి ఏళ్ల తరబడి ఎదురుచూడగలవు. అందువల్ల ఎండు తెగులు ఒకసారి దిగిన చేనుకు మిగిలే గట్టి ఉపాయం ఒక్కటే, తట్టుకునే వంశాన్ని వేయడం. కందికి ఆ ఉపాయం దొరికింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన ఐసీపీ 8863 (మారుతి), ఐసీపీఎల్ 87119 (ఆశ) వంటి రకాలు ఎండు తెగులున్న నేలల్లోనూ నిలబడ్డాయి. ఈ ఏడు దెబ్బ తిన్న రైతు వచ్చే ఏడు విత్తనం మార్చుకుంటాడు.

చెట్టు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఆయిల్ పామ్ మొక్క నాటితే పాతికేళ్లో ముప్ఫయ్యేళ్లో దానితోనే బతకాలి. నాటిన రోజున వేరులో ఏ వంశగుణం ఉందో, తోట తీసేసే రోజు వరకూ అదే ఉంటుంది. నూనె ఇచ్చే చెట్లలో ఈ గుణం ఎక్కడ ఉంటుంది, ఎలా పనిచేస్తుంది, మనవాళ్లకు దానితో ఏం పని అన్నది కొంతకాలంగా చదువుతున్నాను. చదివినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ కథ అన్నిటికంటే తేటగా కనిపించేది చైనాలోని టుంగ్ చెట్టులో. ఆముదం, రబ్బరు, కర్రపెండలం ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. దీని గింజలో సగానికి పైగా నూనె ఉంటుంది, ఆ నూనెలో దాదాపు 80 శాతం ఆల్ఫా ఎలియోస్టియరిక్ ఆమ్లం. గాలి తగలగానే గట్టిపడి పొరలా పరుచుకునే స్వభావం ఆ ఆమ్లం వల్లనే వచ్చింది. అందుకే టుంగ్ నూనె తినడానికి కాక వార్నిష్‌లకు, అచ్చు సిరాలకు, పడవల చెక్కకు పోయింది. ఈ చెట్లలో ముఖ్యమైనవి రెండు జాతులు. వెర్నీసియా ఫోర్డీ మూడో ఏటికే కాపుకు వస్తుంది, మంచి నూనెనిస్తుంది, రైతులు విస్తారంగా వేసినది దాన్నే. ఎండు తెగులుకు ఇట్టే లొంగిపోయేదీ అదే. రెండోది వెర్నీసియా మోంటానా. ఇది ఆలస్యంగా కాపుకు వస్తుంది, చాలామట్టుకు ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, చలికి ఓర్వలేదు. అయితే అదే నేలలో, అదే బూజు మధ్య నిక్షేపంగా నిలబడుతుంది. అంటే రైతు కోరే నూనె ఒక చెట్టులో ఉంటే, దాన్ని కాపాడే గుణం దాని దాయాదిలో ఉంది.

చైనా రైతులు దీనికి శాస్త్రం కోసం ఎదురుచూడకుండా, మన నూజివీడు మామిడి రైతులు చేసే పనినే చేశారు. మోంటానాను వేరుమూలంగా పెట్టి, దాని మీద ఫోర్డీ కొమ్మను అంటు కట్టారు. నేలలో ఉండే సగం తెగులును అడ్డుకుంటుంది, పైన ఉండే సగం నూనె కాస్తుంది. ఈ అంటు పనిచేసిందంటేనే ఒక సంగతి తెలిసిపోతోంది: రక్షణ అంతా వేరులో ఉంది. పైన ఉన్నది లొంగే జాతి కొమ్మే అయినా, వేరు బూజును పైకి పోనివ్వకపోతే ఆ కొమ్మకు ప్రమాదం లేదు.

వేరులో ఏం జరుగుతోందో తర్వాత ప్రయోగశాలల్లో చూశారు. రెండు జాతుల వేళ్లకూ బూజును అంటించి, పలుచని ముక్కలు కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే, ఫోర్డీలో బూజు పక్కవేళ్ల ద్వారా దారువులోకి దిగి అక్కడి నుంచి పైకి ఎక్కుతోంది. మోంటానాలో వేరు దాకా వచ్చినా దారువులో ముందుకు పాకలేకపోతోంది. అంటే మోంటానా బూజును అసలు సోకకుండా చేయడం లేదు, నీటి దారిలోకి మాత్రం రానివ్వడం లేదు. ఆ కాపలాలో భాగమున్న ఒక కైనేజ్ (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించి వాటి పనిని మార్చే ఎంజైము) జన్యువు మోంటానా పక్కవేళ్ల దారువులో ప్రత్యేకంగా పనిచేస్తోందని 2021లో ప్రచురించిన పరిశోధన చూపింది. దాన్ని ప్రయోగశాలలో పెంచే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెడితే దానికీ తట్టుకునే శక్తి పెరిగింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరో పరిశోధన. 2019లో ఫోర్డీ జన్యుపటం వెలువడింది. సుమారు 112 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల పొడవు, 28 వేలకు పైగా జన్యువులు. మోంటానా పటం కూడా చేతికి వచ్చాక, తెగులును పసిగట్టే జన్యువులను రెండింటిలోనూ లెక్కపెట్టారు. శాస్త్రజ్ఞులు వీటిని ఎన్‌బీఎస్-ఎల్‌ఆర్‌ఆర్ జన్యువులంటారు. శత్రువు కణంలోకి విసిరే ప్రొటీన్లను గుర్తుపట్టి లోపల గంట కొట్టడం వీటి పని. టమాటాను ఫ్యుజేరియం నుంచి కాపాడే ఐ-2 జన్యువు ఈ వర్గానిదే. మోంటానాలో ఇవి 149 ఉంటే, ఫోర్డీలో 90 మాత్రమే ఉన్నాయి. కాపలావాళ్లు తక్కువ కాబట్టి దొంగలు పడ్డారని అక్కడితో సరిపెట్టుకోవచ్చు. అయితే అసలు విషయం ఆ సంఖ్యలో లేదు.

ఈ జన్యువుల్లో ఒక జంట ఉంది. ఒకటి మోంటానాది, మరొకటి ఫోర్డీలో దానికి సరిజోడు. బూజు తగలగానే మోంటానాలోని జన్యువు విజృంభిస్తుంది. ఫోర్డీలోని జోడు మాత్రం లేవకపోగా ఇంకా అణగిపోతుంది. ఎందుకని వెతికితే, జన్యువుకు ముందుండి, అది ఎప్పుడు పలకాలో నిర్ణయించే ప్రమోటర్ భాగంలో తేడా దొరికింది. మోంటానాలో డబ్ల్యూఆర్‌కేవై 64 అనే నియంత్రక ప్రొటీన్ వచ్చి డబ్ల్యూ-బాక్స్ అనే చిన్న వరుస మీద కూర్చుని జన్యువును మేల్కొల్పుతుంది. ఫోర్డీలో ఆ చిన్న వరుస ఊడిపోయింది. నియంత్రక ప్రొటీన్‌కు కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి జన్యువు ఉండీ పలకదు. మోంటానాలో ఆ జన్యువును కృత్రిమంగా నోరు నొక్కి చూస్తే దాని తట్టుకునే శక్తి తగ్గింది. దీన్నిబట్టి, ఫలానా చెట్టులో ఫలానా జన్యువు ఉందా లేదా అని చూసే పరీక్ష ఒక్కోసారి మనల్ని మోసం చేస్తుందని తెలుస్తోంది. జన్యువు రెండు చెట్లలోనూ ఉంది. చూడవలసింది దాని ముందున్న నాలుగైదు అక్షరాలను.

ఇక మన వైపు వద్దాం. విజయవాడ నుంచి నూజివీడు మీదుగా ఏలూరు వైపు వెళ్లే దారిలో మామిడి తోటల మధ్య ఆయిల్ పామ్ తోటలు ఎంతగా విస్తరించాయో కొత్తగా చెప్పనక్కరలేదు. ఏలూరు పక్కన పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ 1995 నుంచి ఉంది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల ఆయిల్ పామ్ మిషన్‌ను ఆమోదించి, 2025-26 నాటికి మరో 6.5 లక్షల హెక్టార్లలో ఈ పంట వేయించాలని లక్ష్యం పెట్టింది. మొక్కల్లో ఎక్కువ భాగం విదేశాల నుంచి మొలకెత్తిన గింజలుగా వచ్చి, మన నర్సరీల్లో నల్ల పాలిథిన్ సంచుల్లో ఏడాది పెరిగి, త్రిభుజాకారంలో తొమ్మిది మీటర్ల ఎడంతో ఎకరాకు 57 చొప్పున నేలకు చేరుతున్నాయి.

ఆయిల్ పామ్‌కూ ఎండు తెగులు ఉంది. దాన్ని తెచ్చే ఫ్యుజేరియం రకాన్ని 1946లో అప్పటి బెల్జియన్ కాంగోలో గుర్తించారు. ఆయిల్ పామ్ పుట్టిల్లు ఆఫ్రికాయే, ఈ బూజు పుట్టిల్లూ అదే. నైజీరియా, కామెరూన్, ఘనా, ఐవరీ కోస్ట్, కాంగోలలో ఇది తోటలను దెబ్బతీసింది. కొన్ని చెట్లు ఆకులు నిలబడి ఉండగానే ఎండి, విరిగి, నెలల్లో చనిపోతాయి. మరికొన్ని కాండం పైభాగం పెన్సిలు మొనలా సన్నబడి, కాపు లేకుండా ఏళ్లపాటు అలాగే ఉంటాయి. నా ఉద్దేశంలో రైతుకు రెండోదే ఎక్కువ నష్టం. చచ్చిన చెట్టును పీకేస్తాడు, ఏనాటికైనా కోలుకుంటుందేమో అన్న చెట్టుకు ఎరువు వేస్తూ ఉంటాడు. పాత తోట తీసి అదే నేలలో మళ్లీ నాటిన చోట, పాత మొద్దుల పక్కన పడిన లేత మొక్కలకు ఈ తెగులు ఎక్కువగా వస్తుంది.

మరి టుంగ్ చెట్టుకు చేసినట్టు దీనికీ అంటు కట్టవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కట్టలేము. అంటు అతకాలంటే బెరడుకూ చెక్కకూ నడుమ కాంబియం అనే పెరిగే పొర ఉండాలి. రెండు ముక్కల్లోని ఆ పొరలు ఒరుసుకుని కలిసిపోతేనే నీటి దారి ఏకమవుతుంది. తాటి, కొబ్బరి, ఆయిల్ పామ్ ఏకదళ బీజపు చెట్లు, వాటికి ఆ పొర లేదు. వాటి గొట్టాలు కాండమంతటా విడివిడి కట్టలుగా చెదిరి ఉంటాయి. కొబ్బరి మొద్దును అడ్డంగా కోసి చూసినవారికి ఆ చుక్కలు గుర్తుండే ఉంటాయి. కాబట్టి కాపు ఒక చెట్టుది, వేరు మరో చెట్టుది అనే సుళువైన ఏర్పాటు ఇక్కడ కుదరదు. తట్టుకునే గుణాన్నీ నూనె దిగుబడినీ ఒకే గింజలోకి తేవాలి. అందుకు తరతరాల సంకరణం తప్ప దారి లేదు. ఒక తరాన్ని నాటి, కాపు చూసి, మంచిచెడ్డలు తేల్చడానికి పదేళ్లకు తక్కువ పట్టదు. టిష్యూ కల్చర్‌తో మంచి చెట్టును అచ్చుగుద్దినట్టు పెంచే దారి ఒకటి ఉంది కానీ, అలా పెంచిన చెట్లలో కొన్ని వికారమైన, నూనె లేని కాయలు కాయడం పరిశ్రమను చాలాకాలం ఏడిపించింది. దానికి కారణమైన, డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువు పనిని మార్చే రసాయన ముద్రను 2015లో గానీ పట్టుకోలేకపోయారు.

ఆఫ్రికాలో ఆ ఓపిక పట్టారు. ఐవరీ కోస్ట్‌లోని దాబూలో ఫ్రెంచి పరిశోధకులు స్థిరపరచిన పద్ధతిని ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. మంచి తల్లి చెట్లనూ తండ్రి చెట్లనూ జతపరచి, ఒక్కో జత సంతానాన్ని నర్సరీ సంచుల్లో పెంచి, లేత వయసులోనే మట్టిలో బూజును పోస్తారు. కొన్ని నెలలు గడిచాక మొక్కలను పీకి, మొదలు చీల్చి, గొట్టాలు గోధుమరంగుకు మారాయా లేదా చూస్తారు. కంది మొక్కను చీల్చి మనం చూసేదీ అదే చార. ఒక జత సంతానంలో జబ్బు పడిన మొక్కల శాతాన్ని ఆ పరీక్షలో పాల్గొన్న మొత్తం జతల సగటుతో పోల్చి, సగటును 100గా పెట్టి ఒక సూచికను ఇస్తారు. 100 కంటే తక్కువ వస్తే ఆ జత సంతానం తట్టుకునేది, ఎక్కువ వస్తే లొంగేది. మంచి సూచిక ఇచ్చిన తల్లిదండ్రుల నుంచే తర్వాతి విత్తనాన్ని తీశారు. ఆ విత్తనంతో మళ్లీ నాటిన తోటల్లో తెగులు నష్టం గణనీయంగా తగ్గింది. ఇందులో నాకు నచ్చినది ఏమిటంటే, ఏ జన్యువు పనిచేస్తోందో తెలియకముందే వంశాన్ని ఎన్నుకోగలిగారు. సంతానం ప్రవర్తనే తల్లిదండ్రులకు సాక్ష్యమైంది.

మలేసియా, ఇండోనేసియా తోటల్లో ఈ ఫ్యుజేరియం తెగులు లేదు. దాన్ని చూసి అక్కడి వంశాలు గట్టివని అనుకోవడం సహజం. కానీ ఆ వంశాల మొక్కలకు బయట ప్రయోగశాలల్లో బూజు అంటించి చూసినప్పుడు అవి మామూలుగానే లొంగిపోయాయి. అంటే అక్కడి తోటలను ఇన్నాళ్లు కాపాడింది వంశం కాదు, దూరం. ఆ దూరం ఎల్లకాలం కాపాడదని బ్రెజిల్, ఈక్వడార్ అనుభవం చెబుతోంది. 1980లలో ఆ రెండు చోట్లా తెగులు బయటపడింది, దొరికిన బూజుకు ఆఫ్రికా బూజుతో దగ్గర సంబంధం ఉందని తేలింది. గింజతోనో పుప్పొడితోనో సముద్రం దాటి వచ్చి ఉంటుందని పరిశోధకుల అనుమానం. మొక్కల దిగుమతి మీద మన దేశం 2003లో తెచ్చిన క్వారంటైన్ ఉత్తర్వు రైతుకు చిరాకుగా తోచవచ్చు కానీ, నాకు మాత్రం దాని విలువ ఇక్కడే అర్థమైంది.

నూజివీడు దగ్గర మా మావయ్యకు మామిడి తీసేసి ఆయిల్ పామ్ వేసే ఆలోచన ఉంది. ఫోనులో ఇదంతా చెప్పుకొస్తుంటే, "తెగులు వస్తే ఏ మందు కొట్టాలో చెప్పరా అంటే వంశవృక్షం చదువుతావేంటి?" అన్నారు. "మావయ్యా, మందు మాట తర్వాత, మీరు ముందు మొక్క తల్లిదండ్రుల సంగతి నర్సరీలో అడగండి" అన్నాను. ఆయన అడిగారు. గింజ ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పారు గానీ, ఏ జత సంతానమో, దానికి ఏ తెగులు పరీక్ష చేశారో చెప్పగలిగినవారు అక్కడ లేరు. పెళ్లి సంబంధానికి ఊరి పేరు చెప్పి ఇంటి పేరు చెప్పకపోవడం లాంటిది ఇది. ఆయిల్ పామ్‌లో రైతు నాటే ప్రతి టెనెరా (పలుచని టెంక రకం) మొక్కా డ్యూరా (మందపు టెంక రకం) తల్లికీ పిసిఫెరా (టెంక లేని రకం) తండ్రికీ తెలిసి చేసిన సంకరం. విత్తనం తీసినవారి పుస్తకంలో ఆ జత సంఖ్య తప్పకుండా ఉంటుంది. ఆ సంఖ్య గింజ పెట్టె మీద నుంచి నర్సరీ సంచి దాకా, అక్కడి నుంచి రైతు కాగితం దాకా రావడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఫ్యాక్టరీ జోను విధానంలో రైతు తనకు కేటాయించిన కంపెనీ ద్వారానే మొక్క తీసుకుంటాడు కాబట్టి, ఇవ్వవలసిన బాధ్యత కూడా ఎవరిదో తెలుస్తూనే ఉంది.

మన తోటల్లో ఇప్పుడు కనిపిస్తున్న బూజు ఫ్యుజేరియం కాదు, గానోడెర్మా. కోనసీమ కొబ్బరి రైతులు సిగ తెగులు అని పిలిచేది దీన్నే. 1952 తుపాను తర్వాత తంజావూరులో విజృంభించి తంజావూరు ఎండు తెగులు అనిపించుకున్నదీ ఇదే. ఇది గొట్టాల్లో దూరే రకం కాదు, మొదలు చెక్కనే కుళ్లబెట్టే పుట్టగొడుగు జాతి. అయినా చెట్టు చివరికి నీరందక ఎండినట్టే కనిపిస్తుంది. వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు, చుట్టూ కందకం వంటివి దీని వ్యాప్తిని తగ్గిస్తాయి. పూర్తిగా తట్టుకునే వంశం ఇంకా లేదు. అయితే 2017లో ఇండోనేసియా తోటల్లో ఎన్నో జతల సంతానం మీద చేసిన పరిశోధనలో గానోడెర్మాను తట్టుకోవడంతో సంబంధమున్న నాలుగు స్థానాలను ఆయిల్ పామ్ జన్యుపటం మీద గుర్తించారు. ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదని, కొద్దికొద్దిగా తోడ్పడే స్థానాలు చాలా ఉన్నాయని దీనివల్ల తెలుస్తోంది.

కొందరు దీన్ని లోటుగా చూస్తారు. నేను అలా అనుకోను. ఒక్క జన్యువు మీద నిలిచిన రక్షణను బూజు ఒక్క మార్పుతో దాటేయగలదు. టమాటాలో ఒక జన్యువును దాటిన బూజు రకం రావడం, దానికి మరో జన్యువును వెతకడం ఎన్నోసార్లు జరిగింది. అరటిలో గ్రో మిషెల్ అనే రకం పనామా తెగులుకు (అదీ ఫ్యుజేరియం ఎండు తెగులే) పోతే కావెండిష్ అనే రకం నిలబెట్టింది, ఇప్పుడు కావెండిష్‌నే చంపే నాలుగో రేసు బూజు బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల దాకా వచ్చింది. టమాటా రైతు ఆరు నెలల్లో రకం మార్చుకోగలడు, ఆయిల్ పామ్ రైతు మార్చుకోలేడు. ముప్ఫయ్యేళ్లు నిలవాల్సిన చెట్టుకు, నూటికి నూరుపాళ్లు ఆపే ఒక్క జన్యువు కంటే, అరవయ్యో డెబ్బయ్యో పాళ్లు ఆపే పది జన్యువుల కూటమి మీదే నాకు నమ్మకం ఎక్కువ. దాబూ సూచిక కొలిచేది కూడా అటువంటి కూటమినే.

మావయ్య ఇంకా అడ్వాన్సు కట్టలేదు. ఈసారి పెదవేగి వెళ్లినప్పుడు అక్కడివారిని మూడు సంగతులు అడగమని ఆయనకు రాసి ఇచ్చాను: ఇస్తున్న మొక్కల జత సంఖ్య, ఆ జత తల్లిదండ్రులకు గానోడెర్మా పరీక్ష చేశారా, చేస్తే సగటుతో పోల్చినప్పుడు వాటి స్థానం ఎక్కడ. ఒకే జత సంతానంతో తోటంతా నింపకుండా నాలుగైదు జతలను కలిపి నాటమని కూడా చెప్పాను. అలా నాటితే ఏ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద గీసి పెట్టుకోవాలి.